పామర్ వెళ్లిపోయి ఏళ్లు గడిచినా సిన్సినాటి కోపం ఎందుకు తీరలేదు?

సంక్షిప్తంగా

అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు సిన్సినాటి నగరానికి చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బెంగాల్స్. దాని క్వార్టర్‌బ్యాక్ (ఎత్తుగడలను నడిపించి బంతి విసిరే ఆటగాడు) కార్సన్ పామర్ 2011లో తనను వేరే జట్టుకు పంపకపోతే ఆటే మానేస్తానని పట్టుబట్టి, చివరకు పంతం నెగ్గించుకున్నాడు. ఆ మార్పిడిలో ఎక్కువ లాభపడింది సిన్సినాటి జట్టే. అయినా అక్కడి అభిమానుల్లో అతడిపై కినుక పోలేదు. ఆటగాడిని ఒకే జట్టుకు కట్టిపడేసే ఒప్పందాల తీరు, అప్పటికే యాజమాన్యంపై పేరుకుపోయిన అసంతృప్తి, అన్నిటికన్నా ముఖ్యంగా అతడు వెళ్లిన పద్ధతి ఇందుకు కారణాలు. ఇలాగే వెళ్లిన మరికొందరి కథలతో పోల్చి చూస్తే ఈ కోపం ఎక్కడ పుట్టిందో, ఎందుకు ఆరలేదో అర్థమవుతుంది.

అదే మైదానం, రెండు ఆదివారాలు

2012 నవంబర్ 25, ఆదివారం. ఒహాయో నది ఒడ్డున ఉన్న పాల్ బ్రౌన్ స్టేడియంలో సిన్సినాటి బెంగాల్స్‌తో ఆడటానికి ఓక్లాండ్ రైడర్స్ జట్టు వచ్చింది. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ మైదానంలోకి అడుగుపెట్టగానే గ్యాలరీలన్నీ హేళన కేకలతో హోరెత్తాయి. అతడి పేరు కార్సన్ పామర్. రెండేళ్ల కిందటి వరకు అతడు అదే మైదానంలో బెంగాల్స్ నారింజ, నలుపు రంగుల జెర్సీ వేసుకుని జట్టును నడిపించినవాడు. ఆ రోజు బెంగాల్స్ 34–10 తేడాతో గెలిచింది. సీజన్ లెక్కల్లో అదొక మామూలు గెలుపే అయినా, ఆ ఊరివారికి అది పాత బాకీ వసూలు చేసుకున్నంత సంబరం.

దానికి దాదాపు ఏడేళ్ల ముందు, 2006 జనవరి 8న, ఇదే స్టేడియంలో ఇంకో దృశ్యం. పదిహేనేళ్ల తర్వాత బెంగాల్స్ ఆడుతున్న మొదటి ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) పోటీ అది. ప్రత్యర్థి పక్క రాష్ట్రపు పాత వైరి పిట్స్‌బర్గ్ స్టీలర్స్. సిన్సినాటి చేతికి బంతి వచ్చాక రెండో ఎత్తుగడలోనే పామర్ వెనక్కి అడుగులు వేసి, దూరంగా పరుగెడుతున్న క్రిస్ హెన్రీ వైపు బంతి విసిరాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే స్టీలర్స్ రక్షకుడు కీమో వాన్ ఓల్‌హోఫెన్ వచ్చి పామర్ ఎడమ మోకాలికి తగిలాడు. బంతి మాత్రం తప్పకుండా హెన్రీ చేతుల్లో పడింది. 66 గజాలు లభించాయి. గ్యాలరీలు కేరింతలు కొట్టి, వెనక్కి తిరిగి చూసేసరికి విసిరినవాడు నేల మీద ఉన్నాడు. మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. పట్టుకున్న హెన్రీకి కూడా అదే ఎత్తుగడలో మోకాలికి దెబ్బ తగిలింది. పామర్‌ను చిన్న బండి మీద బయటకు తీసుకెళ్లారు. ఒక దశలో 17–7 ఆధిక్యంలో ఉన్న బెంగాల్స్ చివరకు 31–17తో ఓడిపోయింది. స్టీలర్స్ ఆ ఏడాది సూపర్ బౌల్ అనే ఫైనల్ పోటీ గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ల మీదికి దూకడాన్ని అరికట్టే నిబంధనను ఈ జట్లన్నీ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ ఆ ఏడాదే కఠినతరం చేసింది. దాన్ని చాలామంది ఇప్పటికీ పామర్ రూల్ అనే పిలుస్తారు.

గాయపడిన మనిషి కోసం కళ్లనీళ్లు పెట్టుకున్న ఊరు అతడే తిరిగొస్తే కేకలు పెట్టి తరిమే స్థితికి ఎలా వచ్చిందన్నది ఈ వ్యాసం చూడబోయే విషయం.

ఎంచుకునే హక్కు ఎవరిది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు మొత్తానికి మెదడు, చెయ్యి రెండూ అతడే. దాదాపు ప్రతి ఎత్తుగడా అతడి చేతి మీదుగానే మొదలవుతుంది. నమ్మదగిన క్వార్టర్‌బ్యాక్ దొరకని జట్టు పదేళ్లయినా పైకి లేవలేదు; దొరికిన జట్టు ఒక్క ఏడాదిలో తలరాత మార్చుకోగలదు. అందుకే వేరే ఆటగాళ్లు వెళ్లిపోతే నొచ్చుకునే అభిమానులు క్వార్టర్‌బ్యాక్ వెళ్లిపోతే దిక్కులేనివాళ్లమయ్యామని బాధపడతారు.

ఆ లీగ్‌లో ఆటగాడు తన మొదటి జట్టును ఎంచుకోలేడు. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను 32 జట్లు డ్రాఫ్ట్ అనే ప్రక్రియలో వరుసగా ఎంచుకుంటాయి. ముందటి ఏడాది అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక దక్కుతుంది. అంటే అత్యంత ప్రతిభావంతుడికి తరచుగా అత్యంత బలహీనమైన జట్టే రాసిపెట్టి ఉంటుంది. ఐపీఎల్ వేలం చూసే తెలుగు ప్రేక్షకుడికి ఇది కొంత పరిచితమైన పద్ధతే గానీ, ఒక పెద్ద తేడా ఉంది. ఐపీఎల్ ఆటగాడు మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ వేలంలోకి రావచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మంచి క్వార్టర్‌బ్యాక్‌ను జట్టు దీర్ఘకాలిక ఒప్పందంతోనో, ఒప్పందం ముగిసినా అతణ్ని ఇంకో ఏడాది అట్టిపెట్టుకునే ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే హక్కుతోనో ఏళ్ల తరబడి ఆపగలదు.

ఒప్పందం కూడా రెండు వైపులా సమానంగా కట్టదు. ఆటగాడు పనికిరాడనుకుంటే జట్టు గడువుకు ముందే అతణ్ని వదులుకోవచ్చు. హామీ ఇచ్చిన భాగం తప్ప మిగతా డబ్బు ఇవ్వనక్కర లేదు. ఆటగాడు మాత్రం జట్టు పనికిరాదనుకుని బయటకు పోలేడు. అతడికి మిగిలేవి రెండే దారులు: తనను మార్చమని యజమానిని ఒప్పించడం, లేదా ఆట మానేయడం. మానేసినా అతడిపై హక్కు పాత జట్టుకే ఉంటుంది గనుక, మళ్లీ ఆడాలంటే ఆ గుమ్మం దగ్గరికే రావాలి. పామర్ ఎంచుకున్నది ఈ రెండో దారి.

పన్ను కట్టి కట్టించుకున్న ఆశ

బెంగాల్స్ జట్టును 1968లో పాల్ బ్రౌన్ స్థాపించాడు. 1991లో ఆయన మరణించాక కొడుకు మైక్ బ్రౌన్ చేతికి పగ్గాలు వచ్చాయి. ఆ ఏడాది జనవరిలో హ్యూస్టన్ ఆయిలర్స్‌పై 41–14తో గెలిచిన ప్లేఆఫ్ పోటీ ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు సిన్సినాటికి చివరి ప్లేఆఫ్ గెలుపుగా మిగిలిపోయింది. 1991 నుంచి 2004 వరకు పద్నాలుగు సీజన్లలో జట్టు ఒక్కసారి కూడా ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు సాధించలేదు.

ఈ కరువు నడుమనే 1996 మార్చిలో హ్యామిల్టన్ కౌంటీ ఓటర్లు అమ్మకపు పన్నును అర శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో బేస్‌బాల్ జట్టుకొకటి, ఫుట్‌బాల్ జట్టుకొకటి కొత్త స్టేడియాలు కట్టాలి. సొంత ఇళ్లున్నవారికి ఆస్తి పన్నులో కొంత రాయితీ ఇవ్వాలి. ఫుట్‌బాల్ స్టేడియం 2000లో తెరుచుకుంది. కౌంటీ ఖజానా బిగుసుకుపోయాక ఆస్తి పన్ను రాయితీలో కోత పడింది. బట్టలు, సామాన్లు కొన్నప్పుడల్లా పన్ను కట్టినవారికి జట్టు మీద హక్కు ఉందన్న భావన కలగడం సహజం. వారి దృష్టిలో జట్టంటే వినోదం ఒక్కటే కాదు, తాము పెట్టుబడి పెట్టిన ఉమ్మడి ఆస్తి.

ఇక లీగ్‌లో టెలివిజన్ హక్కుల ఆదాయాన్ని అన్ని జట్లూ సమానంగా పంచుకుంటాయి. గెలిచినా ఓడినా యజమానికి పెద్ద వాటా వచ్చి పడుతూనే ఉంటుంది. దీని మంచి ఏమిటంటే చిన్న ఊళ్ల జట్లు కూడా బతికి బట్టకట్టగలవు. చెడు ఏమిటంటే గెలిచి తీరాలన్న ఒత్తిడి యజమానిపై అంతగా ఉండదు. బెంగాల్స్‌లో కొత్త ఆటగాళ్లను వెతికే సిబ్బంది మిగతా జట్లతో పోలిస్తే చాలా తక్కువన్నది ఏళ్ల తరబడి వినిపించిన విమర్శ. చలికాలంలో సాధనకు పైకప్పు ఉన్న మైదానం కూడా ఆ జట్టుకు 2022 దాకా లేదు. యజమాని ఖర్చుకు వెనకాడుతున్నాడని సిన్సినాటిలో తిట్టని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. పామర్‌కు సంబంధించిన కోపాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

2003 డ్రాఫ్ట్‌లో బెంగాల్స్ మొదటి ఎంపికగా పామర్‌ను తీసుకుంది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, 2002లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ గెలుచుకున్న కుర్రాడు అతడు. మొదటి ఏడాది కూర్చోబెట్టి, 2004 నుంచి ఆడించారు. 2005లో అతడు 32 టచ్‌డౌన్ పాస్‌లతో (ఎదుటి జట్టు గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. జట్టు 11–5తో (11 గెలుపులు, 5 ఓటములు) తన విభాగంలో మొదటి స్థానం సాధించింది. ఆ డిసెంబర్‌లోనే అతడు 2014 దాకా కొనసాగే కొత్త ఒప్పందంపై సంతకం చేశాడు. పన్ను కట్టిన ఊరికి ఆ సంతకం ఒక వాగ్దానంలా కనిపించింది. మూడు వారాలు తిరక్కుండానే మోకాలు పోయింది.

సంతకం నుంచి సవాలు దాకా

శస్త్రచికిత్స తర్వాత పామర్ తేరుకుని 2006 సీజన్ తొలి పోటీకే మైదానంలోకి దిగాడు. 2007లో పాస్‌లతో నాలుగు వేల గజాలు దాటించాడు. 2008లో మోచేతి గాయంతో నాలుగు పోటీలే ఆడాడు. 2009లో జట్టు 10–6తో మళ్లీ విభాగం గెలిచింది గానీ ప్లేఆఫ్స్ తొలి పోటీలోనే న్యూయార్క్ జెట్స్ చేతిలో ఓడింది. 2010లో వరుసగా పది ఓటములతో 4–12కు పడిపోయింది. ఏడు సీజన్లు, రెండే ప్లేఆఫ్ పోటీలు, ఒక్క గెలుపూ లేదు. బెంగాల్స్ తరఫున అతడు విసిరిన 154 టచ్‌డౌన్ పాస్‌లు చిన్న సంఖ్య కాదు. కానీ ఆ ఊరు అంకెలు కోరుకోలేదు, జనవరిలో ఒక గెలుపు కోరుకుంది.

2011 జనవరిలో అతడి ఏజెంటు ద్వారా మాట బయటకు వచ్చింది: వేరే జట్టుకు మార్చాలి, లేదంటే ఆట నుంచి విరమించుకుంటాడు. సిన్సినాటిలోని అతడి ఇంటిని అమ్మకానికి పెట్టారు. అభిమానులకు ఒప్పందపు చిక్కులు అందరికీ తెలియకపోవచ్చు గానీ, ఇల్లు అమ్మకానికి పెట్టడం అంటే ఏమిటో తెలియనివారు ఉండరు. తిరిగి వచ్చే ఉద్దేశం లేదని అంతకన్నా స్పష్టంగా ఏ ప్రకటనా చెప్పలేదు.

మార్చి నుంచి జులై చివరి వరకు యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య వివాదంతో లీగే స్తంభించిపోయింది. ఆ నెలల్లో పామర్ ఊరి ముందుకు వచ్చి తన కారణాలు తానే చెప్పుకోలేదు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో బెంగాల్స్ నాలుగో స్థానంలో రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) ఏ.జె. గ్రీన్‌ను, రెండో రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్‌ను తీసుకుంది. జులైలో లీగ్ మళ్లీ తెరుచుకున్నాక మైక్ బ్రౌన్ నోరు విప్పాడు. పామర్ ఒప్పందంపై సంతకం చేశాడని, మాట ఇచ్చాడని, ఆ మాటను నమ్మి తాము నడుచుకున్నామని, మాట తప్పినవాడికి బహుమానం ఇచ్చే ప్రసక్తే లేదని ఆయన చెప్పిన దాని సారాంశం. ఏళ్లుగా తమ చేత తిట్లు తిన్న యజమాని వెనుక అభిమానులు నిలబడిన అరుదైన సందర్భం అది.

అక్టోబర్‌లో కథ మలుపు తిరిగింది. రైడర్స్ యజమాని ఆల్ డేవిస్ ఆ నెల 8న మరణించాడు. 16న ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేసన్ క్యాంప్‌బెల్ కాలర్‌బోన్ (మెడకు, భుజానికి మధ్య ఉండే ఎముక) విరిగింది. కోచ్ హ్యూ జాక్సన్ ఒకప్పుడు కాలేజీలోనూ, తర్వాత సిన్సినాటిలోనూ పామర్‌తో పనిచేసినవాడు. సీజన్ మధ్యలో గత్యంతరం లేక రైడర్స్ పెద్ద ధర ఇవ్వడానికి సిద్ధపడింది: 2012 డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ ఎంపిక, 2013లో కనీసం రెండో రౌండ్ ఎంపిక. మార్పిడులకు గడువు ముగిసే 18వ తేదీన బ్రౌన్ సరేనన్నాడు.

కోపానికి అసలు మూలం

మామూలుగా చెప్పే వివరణ ఒకటుంది: ఒప్పందం ఉండగా మాట తప్పాడు గనుక కోపం. ఇందులో నిజం ఉంది గానీ, ఇదే మొత్తం నిజమైతే ఆ కోపం ఎప్పుడో చల్లారి ఉండాలి. ఒప్పందాలు మధ్యలో తెంచుకోవడం ఆ లీగ్‌లో రోజూ జరిగేదే. జట్లే ఎక్కువగా తెంచుతాయి. పైగా సిన్సినాటి నష్టపోలేదు. రైడర్స్ ఇచ్చిన ఎంపికలతో 2012లో 17వ స్థానంలో డ్రె కర్క్‌ప్యాట్రిక్‌ను, 2013లో 37వ స్థానంలో జియోవానీ బెర్నార్డ్‌ను తీసుకుంది. డాల్టన్ సారథ్యంలో 2011 నుంచి 2015 వరకు వరుసగా అయిదేళ్లు ప్లేఆఫ్స్‌కు చేరింది. మరోవైపు రైడర్స్ 2011లో 8–8, 2012లో 4–12. లాభనష్టాల లెక్కతో కోపం నడిచేదైతే, పామర్‌ను ఆ ఊరు మనసులో దీవించి ఉండాల్సింది.

మొదటి విషయం, మానేస్తాననడానికీ మార్చమనడానికీ మధ్య ఉన్న తేడా. మార్చమని అడిగే ఆటగాడు ఇక్కడికన్నా ఇంకోచోట మేలు అంటున్నాడు. మానేస్తాననేవాడు ఇక్కడ ఆడటం కన్నా అసలు ఆడకపోవడమే మేలు అంటున్నాడు. ఆ మాట పడింది యజమాని మీదే అయినా, చెవిన పడింది ఊరంతటికీ. పోనీ నిజంగానే మానేసి ఉంటే అదొక నిష్ఠగా మిగిలేది. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఓక్లాండ్‌లో హెల్మెట్ పెట్టుకోవడంతో, అతడికి ఆట మీద విరక్తి కలగలేదని, తమ మీదే కలిగిందని అభిమానులకు రూఢి అయింది.

రెండోది మరింత లోతైనది. యజమాని గెలవడానికి గట్టిగా ప్రయత్నించడం లేదని పామర్ భావించాడు. సరిగ్గా అదే మాట అభిమానులు పదిహేను, ఇరవై ఏళ్లుగా అంటున్నారు. అప్పట్లో ఒక నిబంధన ఉండేది: స్టేడియం టికెట్లు గడువులోగా అమ్ముడుపోకపోతే ఆ పోటీని స్థానిక టీవీలో చూపరు. 2011లో సిన్సినాటిలో జరిగిన పోటీల్లో ఎక్కువ భాగం ఆ కారణంగానే ఊరి టీవీల్లో రాలేదు. అంటే పామర్‌ను నిందించిన ఊరే టికెట్లు కొనకుండా తన అసంతృప్తిని తెలియజేస్తోంది. తాము నమ్ముతున్న నిజాన్నే అతడు చేతల్లో చూపించాడు. చూపించి, వాళ్లను అక్కడే వదిలేసి వెళ్లాడు. ఉమ్మడి కష్టంలో ఉన్నవారిలో ఒకడికి మాత్రమే తలుపు తెరుచుకుంటే, తలుపు వేసినవాడి కన్నా బయటపడ్డవాడి మీదే మిగిలినవారికి ఉక్రోషం ఎక్కువ. పుట్టి పెరిగిన ఊరి జట్టును అభిమాని మార్చుకోలేడు. ఒహాయో నది ఒడ్డున పుట్టినవాడు బెంగాల్స్ బాగా లేదని రైడర్స్‌కు మారిపోడు. తనకు లేని స్వేచ్ఛను ఇంకొకడు వాడుకుంటే కలిగే నొప్పి ఇది. పామర్ ఎక్కువ తప్పు చేశాడా, బ్రౌన్ ఎక్కువ తప్పు చేశాడా అని తూకం వేస్తే ఈ నొప్పి ఆ తక్కెడలో ఇమడదు.

మూడోది ముగింపు లేకపోవడం. వీడ్కోలు సభ లేదు, కృతజ్ఞతలు లేవు, వివరణ లేదు. అలిగి వెళ్లిన అల్లుడిలా కబురు మధ్యవర్తి ద్వారానే వచ్చింది. చెప్పకుండా వెళ్లిన మనిషి గురించి మిగిలినవారు తలో కారణం ఊహించుకుంటారు, ఆ ఊహల్లో మంచివి తక్కువ.

ఇలాగే వెళ్లిన మరికొందరు

సిన్సినాటిలోనే ఒక పోలిక దొరుకుతుంది. కోరీ డిల్లన్ బెంగాల్స్ చరిత్రలో అత్యధికంగా 8,061 గజాలు పరుగెత్తినవాడు. అతడూ జట్టుపై బాహాటంగా విసుక్కున్నవాడే. 2003 డిసెంబర్ చివరలో ఆఖరి పోటీ ముగిశాక హెల్మెట్, భుజాల ప్యాడ్లు, బూట్లు గ్యాలరీలోకి విసిరేసి వెళ్లిపోయాడు. 2004లో రెండో రౌండ్ ఎంపికకు బదులుగా న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు మారి, అదే సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచాడు. పామర్ కన్నా దురుసుగా వెళ్లిన ఈ మనిషిని 2024లో బెంగాల్స్ రింగ్ ఆఫ్ ఆనర్‌లో, అంటే జట్టు మేటి ఆటగాళ్ల గౌరవ జాబితాలో, చేర్చారు. తేడా ఎక్కడుంది? డిల్లన్ కోపం ముఖాముఖి కోపం. అందరి ఎదుట అరిచాడు, ఆట ఆడుతూనే అరిచాడు. అతడు బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, క్వార్టర్‌బ్యాక్ కాదు. భవిష్యత్తు మొత్తం అతడి భుజాల మీద పెట్టలేదు. ఇరవై ఏళ్లు గడవడం కూడా తోడైంది.

డెట్రాయిట్ లయన్స్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ కథ ఇంకా దగ్గరిది. అతడూ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికే, అతడి జట్టుదీ దశాబ్దాల ఓటమి చరిత్రే, అతడూ పన్నెండు సీజన్ల తర్వాత 2021 జనవరిలో మార్చమని అడిగాడు. యాజమాన్యం బెదిరింపుల దాకా రానీయకుండా ఒప్పుకుని, లాస్ ఏంజెలెస్ రామ్స్ నుంచి జారెడ్ గాఫ్‌ను, డ్రాఫ్ట్ ఎంపికలను తీసుకుని పంపింది. 2022 ఫిబ్రవరిలో స్టాఫర్డ్ సూపర్ బౌల్ ఆడుతుంటే డెట్రాయిట్‌లో జనం అతడి గెలుపు కోరుకున్నారు. రెండు జట్ల పేర్లు కలిపిన చొక్కాలు వేసుకున్నారు. ఆ రోజు అతడు 23–20తో ఓడించింది బెంగాల్స్‌నే. 2024 జనవరిలో ప్లేఆఫ్ పోటీకి డెట్రాయిట్ వచ్చినప్పుడు మాత్రం అక్కడి గ్యాలరీలు అతణ్నీ హేళన చేశాయి. 24–23తో లయన్స్ గెలిచింది. అది ఆ పూట ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి మీద అరుపు, ఏళ్ల తరబడి దాచుకున్న అక్కసు కాదు. పామర్ ఎదుర్కొన్న అరుపుతో దీన్ని కలిపి చూడకూడదు.

గ్రీన్ బే ప్యాకర్స్ దిగ్గజం బ్రెట్ ఫార్వ్ 2008లో కన్నీళ్లతో విరమించి, కొన్ని నెలలకే మనసు మార్చుకుని, జెట్స్ మీదుగా 2009లో ఏకంగా బద్ధ వైరి మిన్నెసోటా వైకింగ్స్‌లో చేరాడు. ఆ నవంబర్‌లో గ్రీన్ బేకు వస్తే హేళన కేకలు తప్పలేదు. అయినా 2015 జులైలో అదే స్టేడియంలో వేలాది మంది సమక్షంలో అతడి 4వ నంబర్ జెర్సీని గౌరవంగా విరమింపజేశారు. పదహారు సీజన్లు, ఒక సూపర్ బౌల్ గెలుపు అతడి ఖాతాలో నిల్వ ఉన్నాయి. అలిగినప్పుడు ఖర్చు పెట్టుకోవడానికి పామర్ ఖాతాలో అలాంటి నిల్వ లేదు. ఉండి ఉండేదేమో, 2006 జనవరిలో ఆ మోకాలు నిలిచి ఉంటే.

1983లో జాన్ ఎల్వే బాల్టిమోర్ కోల్ట్స్‌లో, 2004లో ఈలై మానింగ్ శాన్ డియాగో చార్జర్స్‌లో చేరడానికి మొదటే నిరాకరించారు. రెండు ఊళ్లలోనూ అప్పట్లో ఆగ్రహం చెలరేగింది. కానీ 1984 మార్చిలో కోల్ట్స్ యజమాని రాత్రికి రాత్రి సామాను లారీల్లో ఎక్కించి జట్టునే ఇండియానాపొలిస్‌కు తరలించాడు. 2017లో చార్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది. ఆటగాడు రాననడం ఎంత, జట్టే లేచిపోవడం ఎంత! ఆ పెద్ద గాయం కింద పాత గాయం అణగిపోయింది. సిన్సినాటిలో యజమాని ఎక్కడికీ పోలేదు. ఊరిని వదిలి వెళ్లినవారి జాబితాలో పామర్ పేరే పైన మిగిలిపోయింది.

తెలుగు పాఠకులకు తెలిసిన డేవిడ్ వార్నర్ కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. 2016లో 848 పరుగులు చేసి సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చిన సారథిని 2021 మేలో సీజన్ మధ్యలోనే కెప్టెన్సీ నుంచి తప్పించి, తర్వాత తుది జట్టులోంచీ తీసేశారు. హైదరాబాద్ అభిమానుల ఆగ్రహం మొత్తం యాజమాన్యం మీదికే వెళ్లింది. మరుసటి ఏడాది ఢిల్లీ తరఫున అదే సన్‌రైజర్స్‌పై 92 పరుగులతో అజేయంగా నిలిచినప్పుడు కూడా ఇక్కడివారికి అతడు మనవాడే. జట్టు వదులుకుంటే ఆటగాడు బాధితుడు, ఆటగాడు వదులుకుంటే ఊరు బాధితురాలు. తలుపు ఎవరు వేశారన్న దాన్నిబట్టే జాలి ఎటు మొగ్గాలో తేలిపోతుంది.

తర్వాత మారినవి, మారనివి

పామర్ ఆట ఓక్లాండ్‌తో ముగియలేదు. 2013లో అరిజోనా కార్డినల్స్‌కు మారాడు. 2015లో 35 టచ్‌డౌన్ పాస్‌లతో ఆ జట్టును 13–3కు చేర్చాడు. ఆ నవంబర్‌లో బెంగాల్స్‌పై 34–31తో గెలిచాడు కూడా. 2018 జనవరిలో విరమించాడు. అరిజోనా 2019లో తన రింగ్ ఆఫ్ ఆనర్‌లో అతడి పేరు చేర్చింది.

మానుతున్న గాయం 2020 ఆరంభంలో మళ్లీ రేగింది. బెంగాల్స్ చేతికి మరోసారి మొదటి ఎంపిక వచ్చి, ఒహాయోలో పెరిగిన జో బరోను తీసుకుంటుందని అందరూ అనుకుంటున్న సమయమది. ఈలై మానింగ్‌లా బరో కూడా రానని చెప్పాలా అన్న చర్చ నడుస్తుండగా, ఆ సంస్థ సూపర్ బౌల్ కోసం నిజంగా ప్రయత్నిస్తున్నట్టు తనకెన్నడూ అనిపించలేదని పామర్ అన్నాడు. తొమ్మిదేళ్ల కిందట చెప్పాల్సిన వివరణ అది. ఆలస్యంగా, అదీ కొత్త ఆశ మొలకెత్తుతున్న వేళ వచ్చింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

బరో నిరాకరించలేదు. 2022 జనవరి 15న అతడి సారథ్యంలో బెంగాల్స్ 26–19తో గెలిచి 31 ఏళ్ల ప్లేఆఫ్ కరువు తీర్చుకుంది. ఆ రోజు ప్రత్యర్థి రైడర్స్ కావడం యాదృచ్ఛికమే అయినా, సిన్సినాటిలో దాన్ని గుర్తించనివారు ఉండరు. 2023 సెప్టెంబర్‌లో బరో అయిదేళ్లకు 27.5 కోట్ల డాలర్ల ఒప్పందంపై సంతకం చేశాడు. 2005 డిసెంబర్ నాటి సంతకం గుర్తున్నవారికి ఆ వార్త ఊరటతో పాటు కొంచెం భయాన్నీ కలిగించి ఉంటుంది. జట్టు గెలుస్తున్నంత కాలం పామర్ ఊసు తగ్గుతుంది. వరుస ఓటములు మొదలైతే బరో కూడా అలాగే వెళ్లిపోతాడా అన్న ప్రశ్నతో పాటు ఆ పేరు తిరిగొస్తుంది. అలా చూస్తే ఈ కోపం పాతదాని మీద కన్నా, రాబోయేదాని గురించిన బెంగ మీదే ఎక్కువగా బతుకుతోంది.

నిబంధనల పరంగా ఆటగాడి దారి మరింత ఇరుకైంది. 2020లో కుదిరిన ఒప్పందం ప్రకారం సీజన్‌కు ముందు శిక్షణ శిబిరానికి రాని సీనియర్ ఆటగాడికి రోజుకు 50 వేల డాలర్ల జరిమానా పడుతుంది. మునుపటిలా జట్టు దాన్ని మాఫీ చేయడానికి వీల్లేదు. అందుకే ఇప్పుడు చాలామంది శిబిరానికి వస్తూనే, సాధనలో పాల్గొనకుండా బేరమాడుతున్నారు. పామర్ పద్ధతిలో ఏడాది పాటు దూరంగా కూర్చోవాలంటే చేతిలో చాలా డబ్బు, ఎదుటి జట్టుకు అతడి అవసరం, రెండూ ఉండాలి.

బెంగాల్స్ తన రింగ్ ఆఫ్ ఆనర్‌ను 2021లో మొదలుపెట్టింది. పాల్ బ్రౌన్, ఆంథొనీ మున్యోజ్, కెన్ ఆండర్సన్, కెన్ రైలీ అందులో మొదటివారు. 1993లో జెట్స్‌కు వెళ్లి 1997లో తిరిగొచ్చిన క్వార్టర్‌బ్యాక్ బూమర్ ఎసియాసన్‌కు 2023లో, సామాను విసిరేసి వెళ్లిన డిల్లన్‌కు 2024లో చోటు దక్కింది. 2025 దాకా చేరినవారిలో పామర్ లేడు. అక్కడ పేర్లను ఎంచేది నిపుణుల సంఘం కాదు. ఆ ఓటు సీజన్ టికెట్లు కొన్నవారిది. 2006 జనవరి 8న 66 గజాల పాస్ చూసి లేచి నిలబడి, తిరిగి చూసేసరికి మాటరాక కూర్చుండిపోయినవారూ వారిలో ఉన్నారు.